ఎవ్వరూ తొక్కని ఇసుక

సదయ్య గోదావరిఖనిలో ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసినా బొగ్గు బాయిలోకి దిగింది తక్కువ. అతని డ్యూటీ అంతా ఏటి ఒడ్డునే. బొగ్గు తీసిన తర్వాత భూమి లోపల మిగిలే ఖాళీలను అట్లాగే వదిలేస్తే పైకప్పు నిలవదు. అందుకని గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా లోపలికి పంపి ఆ ఖాళీలు నింపేవారు. ఆ ఇసుకను ఏట్లోంచి ఎత్తి బాయికి పంపే గ్యాంగులో సదయ్య ఒకడు. నీది ఎండల పనే గాని గండం లేని పని అని లోపల పనిచేసేవాళ్లు అతన్ని ఆటపట్టించేవాళ్లు. అతని భార్య పోశవ్వకు ఆ మాట వింటే ధైర్యంగా ఉండేది. కొడుకు మొగిలి మాత్రం ఇసుక పని ముసలివాళ్లకని కొట్టిపారేసి, మీసాలు సరిగ్గా రాకముందే నెత్తికి దీపం పెట్టుకుని బాయిలోకి దిగాడు.

1983 ఎండాకాలంలో, రెండో షిఫ్టు నడుస్తుండగా లోపల పైకప్పు కూలింది. ముగ్గురు చిక్కుకున్నారు. ఇద్దరి శవాలు పైకి వచ్చాయి. మొగిలి దగ్గరికి చేరేలోపే అక్కడి బొగ్గు అంటుకుని పొగ కమ్మేసింది. ముక్కులకు గొట్టాలు పెట్టుకున్న రక్షక దళం రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ వట్టి చేతులతో తిరిగొచ్చింది. మంట పక్కలకు పాకితే బాయి మొత్తం పోతుంది. ఆ భాగానికి గోడ కట్టి, లోపల ఇసుక నింపి మూసెయ్యడం తప్ప దారి లేదన్నారు. యూనియన్ వాళ్లు కూడా తలలు దించుకుని సరే అన్నారు.

ఇసుక నింపడం మొదలుపెట్టిన పొద్దున సదయ్యను ఇంటికి వెళ్లమని గ్యాంగును నడిపించే సర్దారు చెప్పాడు. సదయ్య వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో తర్వాత ఎన్ని ఏళ్లు ఆలోచించినా అతనికి తేలలేదు. ఎవరో పోసే ఇసుక కంటే తన చేతులతో పోసేది మేలనుకున్నాడో, ఇంటికి వెళ్తే పోశవ్వ ముఖం చూడాల్సి వస్తుందని జంకాడో. పార పట్టుకుని పొద్దు గుంకేదాకా ఎత్తుతూనే ఉన్నాడు. పక్కవాళ్లు అతని వైపు చూడకుండా పనిచేశారు.

అతను ఇల్లు చేరేసరికి ఆ సంగతి పోశవ్వకు తెలిసిపోయింది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. కాళ్లు కడుక్కోను నీళ్లిచ్చింది. అతని ధోవతి మడతల్లోంచి రాలిన ఇసుకను చీపురుతో ఊడ్చి, చేటకెత్తి, వాకిలి దాటి అవతల పారబోసి వచ్చింది. ఆ తర్వాత ఆ ఇంట్లోకి ఏటి ఇసుకను ఆమె రానివ్వలేదు. సదయ్య వాకిలి అవతలే బట్టలు దులుపుకుని వచ్చేవాడు. వాడకట్టు ఆడవాళ్లంతా పండుగ స్నానాలకు గోదావరికి పోతే పోశవ్వ నల్లా దగ్గరే తలంటుకునేది. మొగుడూ పెళ్లాలు ఊరి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లు. ఆ ఒక్క రోజు సంగతి మాత్రం ఇద్దరి మధ్యా మాటగా రాలేదు.

కొన్నేళ్లకు సదయ్యకు నడుము పట్టేసింది. దవాఖానలో పరీక్ష చేసి పనికి పనికిరాడని రాసేశారు. క్వార్టర్ ఖాళీ చేసి ఏటికి పోయే దారిలో రెండు గదుల రేకుల ఇల్లు కట్టుకున్నారు. ఊరికే కూర్చోవడం సదయ్యకు చేతకాలేదు. రోజూ పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ ఏటి దాకా నడిచి వచ్చేవాడు.

అక్కడే 1989 చలికాలంలో అతనికి అన్వర్ కనిపించాడు. చౌరస్తా దగ్గర సైకిల్ షాపు పెట్టుకున్న జలాలుద్దీన్ కొడుకు. చిన్నప్పుడు పంక్చర్లు వేస్తుండగా సదయ్య చూసినవాడే. హైదరాబాదులో పెద్ద చదువు చదివి, ఉపగ్రహాలు తీసే బొమ్మలు పరీక్షించే ఆఫీసులో ఉద్యోగంలో చేరాడు. ఇద్దరు మనుషులతో, జీపులో రెండు పెట్టెలతో వచ్చి ఇసుకలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఎందుకోసమని సదయ్య అడిగితే పక్కన కూర్చుని వివరంగా చెప్పాడు.

పోయిన సంవత్సరం మన దేశపు ఉపగ్రహం ఒకటి పైకి వెళ్లింది. అది మూడు వారాలకొకసారి ఇదే చోటు మీదుగా పోతూ నేల బొమ్మ తీస్తుంది. పైకి పోయినదాన్ని కిందికి దించి బాగుందో లేదో చూసే వీలు లేదు. ఏళ్లు గడిచే కొద్దీ దాని చూపు తగ్గవచ్చు. తగ్గిందా లేదా తెలియాలంటే, ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే నేల ఒకటి కావాలి. అది పోయే సమయానికి మనుషులు ఆ నేల మీద నిలబడి, ఎండ పడితే నేల ఎంత వెలుగును తిరగగొడుతున్నదో యంత్రంతో కొలవాలి. కింద కొలిచిందీ పైనుంచి కనిపించిందీ సరిచూసుకుంటే ఉపగ్రహం చూపు సంగతి తేలుతుంది. దానికోసం రాజస్థాన్ ఎడారిలో ఒక చోటు పెట్టుకుని ఏటా వెళ్లి కొలుస్తున్నారు. ఎడారి ఒక్కటే చాలదని, దానికి తోడుగా తన ఊరి ఏటి ఇసుకను కూడా చూద్దామని అన్వర్ పైవాళ్లను ఒప్పించాడు. చలికాలం నుంచి వానలు పడేదాకా ఏడు నెలలు ఆ ఇసుక మీద నీళ్లు రావు, గడ్డి మొలవదు. తెల్లగా, చదునుగా కనుచూపు మేర ఉంటుంది.

కావలసింది కాపలా. జెండాలు పాతిన ఆ మేరలో బండ్లు తిరగకూడదు, పశువులు దిగకూడదు, దోసపాదులు పెట్టకూడదు, ఎవరూ ఇసుక ఎత్తకూడదు. ఆ పని సదయ్యకు ఇస్తానన్నాడు అన్వర్.

ఇంట్లో ఈ మాట చెప్పేటప్పుడు సదయ్య పోశవ్వ వైపు చూడలేకపోయాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతున్న చెయ్యి ఆపింది.

“మల్లా ఇసుక దగ్గరికేనా?” అంది.

“ఎత్తే పని గాదు,” అన్నాడు సదయ్య. “ఎవ్వలు ఎత్తకుంట చూసే పని.”

పోశవ్వ మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున అతని సద్ది గిన్నె కట్టి గడప మీద పెట్టి ఉంది.

సదయ్య ఆ పనిని ఉద్యోగం కంటే ఎక్కువగా చేశాడు. గొర్ల కాపరులను బతిమాలి దారి మళ్లించాడు. ట్రాక్టర్ల వాళ్లతో పోట్లాడి ఒకసారి చెంపదెబ్బ కూడా తిన్నాడు. ఉపగ్రహం వచ్చే పొద్దున అన్వర్ మనుషులు మూడు కాళ్ల పీట మీద యంత్రం పెట్టి, ముందు ఒక తెల్ల పలక మీద వెలుగు కొలిచి, తర్వాత ఇసుక మీద కొలిచి, అట్లా చోటు మార్చి చోటు మార్చి కొలుస్తుంటే సదయ్య గొడుగు పట్టుకుని పెట్టెల పక్కన నిలబడేవాడు. పది గంటల ప్రాంతంలో అన్వర్ గడియారం చూసి, ఇప్పుడు పైనే ఉంది కాకా అనేవాడు. సదయ్య తలెత్తి చూస్తే ఉత్త ఎండే. కనిపించకపోయినా చూడటం మానేవాడు కాదు.

తెల్లబట్టలు వేసుకుంటే వాటి వెలుగు యంత్రం మీద పడి లెక్క తప్పుతుందని, నల్లవో నీలివో వేసుకురమ్మని అన్వర్ చెప్పాడు. సదయ్యకు ఉన్నవన్నీ తెల్ల బనియన్లే. పోశవ్వ ఆ మాట విని ట్రంకుపెట్టె తెరిచి, అడుగున మడతపెట్టిన మొగిలి నీలం చొక్కా తీసి ఇచ్చింది. భుజాల దగ్గర కొంచెం బిగువైంది. సదయ్య ఆ రోజంతా చేతులు పైకెత్తకుండా పనిచేశాడు.

అన్వర్ వచ్చినప్పుడల్లా ఒక పూట వాళ్లింట్లోనే తినేవాడు. తల్లి సుగ్రా బీ చేసే ఖట్టా దాల్ కంటే పోశవ్వ పచ్చిపులుసు బాగుంటుందని చెప్పి ఆమెను నవ్వించేవాడు. రెండో ఏడు అతను ఉపగ్రహం తీసిన బొమ్మ ఒకటి తెచ్చి చాప మీద పరిచాడు. గోదావరి ఇసుక తెల్లగా, చెట్లన్నీ ఎర్రగా, బొగ్గు గుట్టలు నల్లగా ఉన్నాయి. పోశవ్వ చెయ్యి తుడుచుకుని వచ్చి వంగి చూసింది. మొగిలి దిగిన బాయి ఎక్కడని అడిగింది. అన్వర్ చూపించాడు. ఆమె ఆ చోటు మీద వేలు పెట్టింది.

“గంత మీదికెల్లి చూస్తది గదా బిడ్డా. భూమి లోపట ఏమున్నదో కనపడ్తదా?”

అన్వర్‌కు మొగిలి సంగతి తెలుసు. కనపడుతుందని అబద్ధం చెప్పడం సులువే. కాని చెప్పలేకపోయాడు.

“కనపడదవ్వా. మీది పొర ఒక్కటే చూస్తది. దాని కింద బెత్తెడు లోతుల ఏమున్నా దానికి తెల్వది.”

పోశవ్వ వేలు తీసేసింది. అన్నం చల్లారిపోతుందని చెప్పి లేచి వెళ్లింది.

నాలుగేళ్లు అట్లా గడిచాయి. అన్వర్ ముఖంలో మెల్లగా దిగులు చేరింది. ఏటేటా బొమ్మలో గోదావరి ఇసుక వెలుగు తగ్గుతున్నది. ఉపగ్రహం చూపే తగ్గుతున్నదని మొదట అందరూ అనుకున్నారు. అయితే రాజస్థాన్ ఎడారిలో కొలిస్తే ఆ తగ్గుదల చాలా తక్కువ. అక్కడి ఇసుక ఎప్పటిలాగే ఉంది, దాన్ని చూసే కన్నూ ఇంచుమించు ఎప్పటిలాగే ఉంది. అంటే మారింది ఇక్కడి నేలే. గాలిలో వచ్చే నుసి, రోడ్ల మీది బొగ్గు దుమ్ము ఇసుక మీద పడుతున్నాయి. వాటిని కడిగి తీసుకుపోయేంత వరదలు రావడం లేదు. రోజూ చూసే కళ్లకు ఆ మార్పు అందలేదు. సదయ్యకు ఇసుక ఎప్పటి తెలుపుగానే కనిపించేది.

అన్వర్ ఇదంతా ఆఫీసులో చెప్పాడు. పెద్దవాళ్లు నమ్మలేదు. మొదటి ఏడు నువ్వు కొలిచిందే తప్పేమో, ఆనాటి ఇసుక అంత తెల్లగా ఉండేదని ఇప్పుడు రుజువేమిటని అడిగారు. అప్పటి ఇసుక దాచిపెట్టాలని ఎవరికీ తోచలేదు. అతని దగ్గర చూపించడానికి ఏమీ లేదు. అయినా నేల మారినా, కొలత తప్పినా తమకు ఒకటేనని, నిలకడ లేని నేలతో తమకు పని లేదని 1994లో ఆ చోటు వద్దన్నారు.

అన్వర్ స్వయంగా వచ్చి జెండాలు పీకాడు. సదయ్య సాయం చెయ్యబోతే వద్దు కాకా అన్నాడు. తన తప్పేమైనా ఉందా, కాపలాలో ఎక్కడైనా లోటు జరిగిందా అని సదయ్య పదేపదే అడిగాడు. నీ తప్పేం లేదని అన్వర్ ఎంత చెప్పినా అతని మనసు నమ్మలేదు. ఆ వారంలోనే ట్రాక్టర్లు దిగాయి. అయిదేళ్లుగా బండి దిగని ఇసుకలో చక్రాల చాళ్లు పడ్డాయి. సదయ్య ఏటి వైపు నడవడం మానుకున్నాడు. ఇంట్లోనే, గోడకు ఆనుకుని, రేడియో పెట్టుకోకుండా కూర్చునేవాడు.

మూడేళ్ల తర్వాత మొగిలి ఉన్న బాయి పూర్తిగా మూతబడింది. లోపల స్తంభాల్లా వదిలేసిన బొగ్గును కూడా తియ్యాలని, పైనుంచి నేల మొత్తం తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు మొదలుపెట్టారు. పెద్ద పెద్ద యంత్రాలు పాత సొరంగాల దాకా దిగాయి. 1997 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, సదయ్యతో ఒకప్పుడు ఇసుక గ్యాంగులో పనిచేసిన రాయమల్లు సైకిల్ మీద వచ్చాడు. వాకిట్లో నిలబడి ఎట్లా మొదలుపెట్టాలో తెలియక సైకిల్ గంట రెండుసార్లు కొట్టాడు. మూసేసిన గోడ బయటపడిందని, ఆఫీసు వాళ్లు తవ్వకం ఆపి సదయ్యను రమ్మంటున్నారని చెప్పాడు.

సదయ్య నీలం చొక్కా వేసుకున్నాడు. పోశవ్వ అప్పటికే చెప్పులేసుకుని నిలబడి ఉంది.

గొయ్యి అంచు నుంచి కిందికి జీపులో తీసుకుపోయారు. నల్లటి బొగ్గు గోడ మధ్య ఒక ఇల్లంత మేర ఇసుక తేలి ఉంది. అది ఎంత తెల్లగా ఉందంటే సదయ్యకు కళ్లు చిట్లించుకోవాల్సి వచ్చింది. పలుగులు పక్కన పెట్టి నలుగురు మనుషులు చేతులతో తీస్తున్నారు. కొత్త గుడ్డ పరిచి ఉంది. దాని మీద ఉన్నదాన్ని సదయ్య చూశాడు. మోకాలి దాకా రబ్బరు బూట్లు, పగిలిన టోపీ, ఎముకలు. ముంజేతి ఎముకకు రాగి కడియం వదులుగా వేలాడుతున్నది. మేడారం జాతరలో పోశవ్వ కొనిచ్చిన కడియం. మొగిలేనా అని ఆఫీసరు అడిగాడు. సదయ్య తల ఊపాడు. పోశవ్వ కింద కూర్చుని ఆ కడియాన్ని తీయకుండా, దాని మీద చెయ్యి వేసి ఉంచింది.

ఎట్లా తెలిసిందో, సెలవుకు ఇంటికొచ్చిన అన్వర్ పరుగున వచ్చాడు. సదయ్యను పట్టుకుని ఏడ్చాడు. అందరూ గుడ్డ మూటకట్టే పనిలో ఉండగా, అతను ఆ ఇసుక వైపే చూస్తూ నిలబడిపోయాడు. చివరికి పోశవ్వ దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“అవ్వా, ఒక మాట అడుగుత. తప్పనిపిస్తే నన్ను కొట్టు.”

“ఏంది బిడ్డా?”

“ఆ ఇసుక కొంచెం కావాలె. ఏరు ఎనకట ఎట్లుండెనో చెప్పేటిది ఇప్పుడు గదొక్కటే ఉన్నది.”

సదయ్యకు ఒళ్లంతా మండింది. వెళ్లిపొమ్మని అరవాలనుకున్నాడు. అన్వర్ తల పైకెత్తలేదు.

“మీ సార్లు నమ్మలేదంటివి. గా మాటకేనా?” అంది పోశవ్వ.

“గా మాటకే.”

పోశవ్వ లేచింది. పద్నాలుగేళ్లుగా గడప లోపలికి రానివ్వని ఇసుక ముందు కూర్చుంది. రెండు చేతులతో తీసి, వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెం జారవిడుస్తూ వెతికింది. ఒక గుండీ దొరికితే కొంగున ముడేసుకుంది. మళ్లీ తీసి, మళ్లీ జారవిడిచింది. ఎండ నెత్తి మీదికి వచ్చినా ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. చుట్టూ యంత్రాలన్నీ ఆగి ఉన్నాయి. అట్లా జల్లించిన ఇసుకను ఆమె చిన్న కుప్పగా చేసి, అన్వర్‌ను పిలిచింది.

“దీంట్ల నా కొడుకు లేడు. అంతా చూసిన. ఇగ తీస్కపో.”

అన్వర్ జేబు రుమాలు పరిచాడు. ఎత్తి పోసుకునేటప్పుడు సగం ఒలికిపోతే పోశవ్వే ఎత్తి పోసి ముడి వేసి ఇచ్చింది.

ఆ సాయంత్రమే మొగిలిని తమ కులపోళ్ల బొందలగడ్డలో పాతిపెట్టారు. చుట్టాలు తలా ఒక పిడికెడు మన్ను వేశారు. సదయ్య వెనక్కి వెనక్కి జరిగి తుమ్మచెట్టు దగ్గర నిలబడ్డాడు. అందరూ అతని కోసం చూస్తున్నారు. అతని చేతులు పైకి రావడం లేదు. పోశవ్వ మనుషుల మధ్య నుంచి అతని దగ్గరికి నడిచి వచ్చింది.

“రా,” అంది. “గా దినం నువ్వు పోసినవు. నేనుంటే నేను గూడ పోసేదాన్ని. వాడు ఒంటిగ ఉండకుంట జేసినవు. ఇప్పుడు ఇద్దరం మన్ను పోద్దాం.”

అతని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఇద్దరూ వంగి మన్ను వేశారు. అప్పుడు సదయ్య చిన్నపిల్లవాడిలా నేల మీద కూలబడి ఏడ్చాడు. పోశవ్వ కూడా ఏడ్చింది. రాగం తీసి, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ, గొంతు పోయేదాకా ఏడ్చింది. వాడకట్టు ఆడవాళ్లు ఆమెను పట్టుకోబోయి, పట్టుకోకుండా ఆగిపోయారు.

వానలు మొదలయ్యాక అన్వర్ మళ్లీ వచ్చాడు. ఆ ఇసుకను తెల్ల పలక పక్కన పెట్టి కొలిచామని, తాను మొదటి ఏడు రాసుకున్న అంకెకు అది దగ్గరగా వచ్చిందని చెప్పాడు. ఆఫీసులో పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. ఉపగ్రహం చూపు మంచిదే, ఏరే నల్లబడిందని కాగితం మీద రాసుకున్నారు. ఆ తర్వాత ఏం చేస్తారని సదయ్య అడిగాడు. అన్వర్ టీ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ, తమ ఆఫీసు పని కన్ను సంగతి తేల్చడం వరకేనని, ఏరు ఎందుకు నల్లబడిందో ఎవరూ అడగలేదని చెప్పాడు. అందుకు సిగ్గుపడుతున్నట్టు త్వరగా లేచి, బస్సు వేళయిందన్నాడు.

పోశవ్వ ఆ రోజు జ్వరంగా ఉందని లోపల పడుకుని ఉంది. ఏప్రిల్ నుంచి ఆమెకు తిండి తగ్గింది. ఏదో పని పూర్తిచేసిన మనిషిలా ఎప్పుడు చూసినా నిద్రపోయేది. అన్వర్ వెళ్లేముందు గడప దగ్గర నిలబడి, దవాఖానలో తెలిసిన డాక్టరు ఉన్నాడు, రేపే తీసుకుపొమ్మని అన్నాడు. చేరిస్తే మంచిదని సదయ్య కూడా అన్నాడు. లోపలి నుంచి ఆమె అదేమీ విననట్టు, పిల్లగానికి గొడుగు ఇచ్చి పంపమని, వాన పెద్దగయ్యేటట్టు ఉందని చెప్పింది.

సదయ్య గొడుగు విప్పి అన్వర్‌తో పాటు రోడ్డు దాకా నడిచాడు. బస్సు కదిలిన తర్వాత కూడా కాసేపు అక్కడే నిలబడి, ఇంట్లో పోశవ్వ జ్వరంతో ఒక్కతే ఉందని గుర్తొచ్చి, నడుము పట్టుకుంటూ వెనుదిరిగాడు.